దస్తూర్ ఎవరి దస్తూరి?

(ఉప్పుగూడలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

బ్యానర్ మీద ‘సారు స్మారకోపన్యాసం’ అని మాత్రమే ఉంది. ఈ గల్లీకి కొత్తగా వచ్చినవాళ్లు, ఏ సారు, ఇంటిపేరేమిటి అని అడుగుతున్నారు. తన పేరు మీద సభలు పెట్టొద్దని, పెడితే పేరు రాయొద్దని ఆయన ముందే చెప్పి పోయారు. మొదటి మాట మేం వినలేదు. రెండోది విన్నాం.

స్టేషన్ నుంచి లోపలికి వచ్చే దారిలో ఒక అరుగు ఉండేది. చాప, రాతబల్ల, సిరాబుడ్డి. రిటైరైన బడిపంతులు పొద్దున ఏడింటికి అక్కడ కూర్చుంటే ఎండ ముఖాన పడేదాకా లేచేవారు కాదు. రేషన్ కార్డు దరఖాస్తు, వితంతు పింఛను, జెద్దాలో ఉన్న కొడుక్కు ఉత్తరం, ఓటరుగా చేరడానికి ఫారం 6. తెలుగైనా ఉర్దూ అయినా ముత్యాల్లాంటి అక్షరాలు. పైసలు తీసుకునేవారు కాదు గానీ చాయ్ మాత్రం కాదనేవారు కాదు.

ఒకసారి ఒకామె ఫారం నింపించుకోవడానికి వచ్చింది. పేరేందమ్మా అంటే “రాజు వాళ్ల అమ్మను సారూ” అంది. ఆయన కలం కింద పెట్టేశారు. “రాజు వాళ్లమ్మ ఎవరో నాకెరుకే. నీ పేరు జెప్పు.” ఆమె నవ్వింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అటూ ఇటూ చూసింది. పది నిమిషాల తర్వాత చెప్పింది. ఆ పది నిమిషాలూ సారు ఊరికే కూర్చున్నారు.

ఈ రోజు మాట్లాడమని నాకిచ్చిన విషయం పెద్దది. ఒక నేల తన రాజ్యాంగాన్ని తానే ఎలా రాసుకుంటుంది? పుస్తకాల్లో దీనికి జవాబులున్నాయి. నేను మాత్రం మన నేల దగ్గరే ఉంటాను. ఉర్దూలో రాజ్యాంగాన్ని ఆయీన్ అంటారు, దస్తూర్ అనీ అంటారు. తెలుగులో దస్తూరి అంటే చేతిరాత. ఈ రెండు మాటలతో సారు ఆడుకునేవారు: “దస్తూర్ జెప్పేటోడు ఎవని దస్తూరిల ఉందో గూడ జెప్పాలె.” ఢిల్లీలో రాజ్యాంగం అసలు ప్రతిని అందమైన ఇంగ్లిష్ రాతలో రాసినవారు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. సారు అడిగింది ఆ చేతి గురించి కాదు.

హైదరాబాద్ సంస్థానం చిన్నదేమీ కాదు. 82 వేల చదరపు మైళ్ల పైన విస్తీర్ణం, 1941 లెక్కల్లో కోటీ 63 లక్షల జనం. సొంత రైలు, సొంత తపాలా బిళ్ల, సొంత హాలీ సిక్కా. జనంలో సగానికి దగ్గరగా తెలుగువాళ్లు, నాలుగో వంతు మరాఠీవాళ్లు, తర్వాత కన్నడ, ఉర్దూ. ఇన్ని ఉన్న రాజ్యానికి జనం కూర్చుని రాసుకున్న కట్టుబాటు లేదు. రాత లేదని కాదు. 1893లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ‘కానూన్చా-ఎ-ముబారక్’ ఇచ్చారు; దానితో ఒక శాసన మండలి వచ్చింది. 1919లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ బాబె హుకూమత్ అనే కార్యనిర్వాహక మండలి పెట్టి సర్ అలీ ఇమామ్‌ను సదరె ఆజంగా, అంటే ప్రధానిగా, కూర్చోబెట్టారు. అదే 1919లో ములుకీ ఫర్మానా కూడా వెలువడింది: సర్కారు కొలువు కావాలంటే ఈ నేల మీద పుట్టినవాడైనా అయ్యుండాలి, లేదా పదిహేనేళ్లు ఇక్కడ కాపురముండి, మళ్లీ సొంత ఊరికి పోనని రాసివ్వాలి. ఈ ఫర్మానాను కాస్త గుర్తు పెట్టుకోండి. దాని ఆయుష్షు దాన్ని ఇచ్చిన రాజ్యం కంటే పెద్దది.

అసలు ముసాయిదా అనదగ్గది 1937లో మొదలైంది. దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన ఒక సంస్కరణల సంఘం వేశారు. ఆ సంఘం చెప్పినదాని మీద ఆధారపడి 1939లో సంస్కరణలు ప్రకటించారు. 85 మంది సభ్యుల సభ, అందులో ఎన్నికయ్యేవారు 42 మంది. ఎన్నుకునేది ఎవరు? ఇక్కడే ఆగి చూడాలి. ఊళ్లూ తాలూకాలూ కావు, వృత్తులూ ప్రయోజనాలూ. జాగీర్దార్లకు ఇన్ని, పట్టాదార్లకు ఇన్ని, కౌలుదార్లకు, కార్మికులకు, వర్తకులకు, బ్యాంకులకు, వకీళ్లకు, డాక్టర్లకు, పట్టభద్రులకు ఇన్నిన్ని అని స్థానాలు పంచారు. ఆ పైన, ఎన్నికైన వాళ్లలో హిందువులూ ముస్లింలూ సరిసగం ఉండాలన్నారు. అప్పటికి సంస్థానంలో ముస్లింలు సుమారు ఎనిమిదో వంతు. మంత్రులు ఈ సభకు జవాబుదారీ కారు; ఆఖరి మాట హుజూర్‌దే.

దీన్ని వెక్కిరించడం సులువు, మన చరిత్ర పుస్తకాలు అదే చేస్తాయి. నేనంత తొందరపడను. మతానికో ఓటరు జాబితా పెట్టిన బ్రిటిష్ ఇండియా పద్ధతిని వీళ్లు తీసుకోలేదు. వేరువేరు మతాలవాళ్లు కలిసే ఓటు వేయాలన్నారు. వృత్తి సంఘాలే సమాజానికి కీళ్లు అన్న ఆలోచన ఆ రోజుల్లో యూరప్‌లోనూ చలామణీలో ఉంది. అరవముదు అయ్యంగార్ తెలివితక్కువవారు కాదు. కానీ ఆ ముసాయిదాను ఉప్పుగూడ నుంచి చదివి చూడండి. ఇక్కడి వకీలుకు ఒక ప్రతినిధి దొరకొచ్చు, కార్ఖానా కార్మికుడికి ఒకరు దొరకొచ్చు. ఉప్పుగూడకు ఎవరూ దొరకరు. నాలాలో నీళ్లు పొంగి వకీలు ఇల్లూ కూలీ గుడిసే కలిసి మునిగితే, ఇద్దరూ కలిసి అడగడానికి ఒక మనిషి ఉండడు. మనిషికి వృత్తి ఉంది గానీ గల్లీ లేదు. ఇంట్లో ఉన్న ఆడమనిషికి అదీ లేదు.

నిషేధంలోనే పుట్టిన స్టేట్ కాంగ్రెస్ ఈ సంస్కరణలను ఒప్పుకోలేదు. యుద్ధం అడ్డం వచ్చి సభ ఏర్పాటే ఏళ్ల తరబడి వాయిదా పడింది. 1946 చివర్లో ఎన్నికలు జరిపితే స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. అక్కడితో ఆ ముసాయిదా కథ దాదాపు అయిపోయినట్టే.

అయితే రాజ్యాంగం ముసాయిదాతో మొదలవుతుందని నేననుకోను. జాబితాతో మొదలవుతుంది. లెక్కలోకి ఎవరొస్తారు, ఏ పేరుతో వస్తారు అన్నది తేలాకే మిగతా రాత. దీన్ని మన నగరంలో అందరికంటే ముందు కనిపెట్టినవారు భాగ్యరెడ్డి వర్మ అని నా నమ్మకం. ఆయన రాజ్యాంగం రాయమని ఎవరినీ అడగలేదు. జనాభా లెక్కల్లో మా పేరు మార్చమని అడిగారు. 1931 లెక్కల్లో నిజాం ప్రభుత్వం దళితులను ‘ఆది హిందువులు’ అని నమోదు చేసింది. ఒక గడిలో ఒక మాట మారింది, అంతే. అవమానంగా ఇతరులు పెట్టిన పేరు పోయి, తామే ఎంచుకున్న పేరు సర్కారు కాగితంలో పడింది.

ఇంకో రాత ఊళ్లలో జరిగింది, దానికి కాగితమే లేదు. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలో సంఘం నడిచింది. మూడు వేల గ్రామాల్లో గ్రామ రాజ్య కమిటీలు పనిచేశాయని, పది లక్షల ఎకరాలు పంచారని ఉద్యమ నాయకులు రాశారు. వెట్టి రద్దు, బేదఖళ్లు బంద్. దొరకు ఎంత భూమి ఉండొచ్చు అన్న హద్దు మొదట 500 ఎకరాలు, పోనుపోను 100 ఎకరాల మెట్టకు దిగింది. ఆ హద్దు ఎలా దిగిందో చూడండి: పంచడానికి భూమి చాలనప్పుడల్లా చెట్టు కింద కూర్చుని మళ్లీ మాట్లాడుకున్నారు, మళ్లీ తగ్గించారు. సవరణ అంటే అదే కదా. ఆ కమిటీల తప్పులూ చిన్నవి కావు. తుపాకీ నీడలో జరిగిన నిర్ణయాలకు ‘కాదు’ అనే గొంతు దొరకడం కష్టం. కానీ మన నేల మీద జనం తమ కట్టుబాటును తామే చెప్పుకున్న సందర్భం ఏదంటే నేను వేలు పెట్టి చూపించేది ముందు దాన్నే.

ఇప్పుడు ఢిల్లీకి వెళ్దాం. కేబినెట్ మిషన్ పథకం పది లక్షల జనానికి ఒక సభ్యుడి లెక్క పెట్టింది. ఆ లెక్కన రాజ్యాంగ సభలో హైదరాబాద్ వాటా 16 కుర్చీలు. 1947 జూన్‌లో నిజాం ఫర్మానా ఇచ్చారు: రాజ్యాంగ సభకు ప్రతినిధులను పంపడం లేదు, బ్రిటిష్‌వాళ్లు పోగానే హైదరాబాద్ స్వతంత్రం. ఆ 16 కుర్చీలూ చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. తెలుగువాళ్లు సభలో లేరని కాదు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా సంఘంలోనే కూర్చున్నారు. దుర్గాబాయి ఉన్నారు, ప్రకాశం ఉన్నారు, పట్టాభి, రంగా, సంజీవరెడ్డి ఉన్నారు. అందరూ మద్రాసు వైపు నుంచి వెళ్లినవాళ్లే. ఇక్కడి వెట్టి చూసినవాడు, ఇక్కడి జాగీర్దారుకు శిస్తు కట్టినవాడు, ఉర్దూ కచేరీలో తెలుగు దరఖాస్తు పట్టుకుని నిలబడ్డవాడు ఆ సభలో ఒక్కడూ లేడు. వెట్టిని నిషేధించే 23వ అధికరణం మాత్రం అందులో వచ్చింది. అది మన కోసమే రాసినట్టుంటుంది. రాసినప్పుడు మనం అక్కడ లేం.

ఆ తర్వాతి సంగతులు ఈ సభలో పెద్దలకు తెలిసినవే, వేగంగా పోతాను. 1947 నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం. 1948 జూన్‌లో ఒక రాజీ ముసాయిదా; 1949 మొదట్లో హైదరాబాద్‌కు రాజ్యాంగ సభ ఏర్పాటు చేయాలన్న మాట అందులో ఉంది, నిజాం ఒప్పుకోలేదు. ఆగస్టులో ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు. సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17కు అయిపోయింది. మేజర్ జనరల్ చౌధురి మిలిటరీ గవర్నర్. అయిపోయిందని అనేశాను గానీ, పాతబస్తీలో కూర్చుని ఆ మాట అంత తేలిగ్గా అనకూడదు. అంతకు ముందు రజాకార్ల చేతిలో పోయిన పల్లెలున్నాయి. ఆ తర్వాత జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ విచారించి, తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

ఇక నేను అసలు చెప్పడానికి వచ్చిన కాగితం. 1949 నవంబర్ 23న నిజాం మరో ఫర్మానా ఇచ్చారు. రాజ్యాంగ సభ భారత రాజ్యాంగాన్ని ఆమోదించడానికి సరిగ్గా మూడు రోజుల ముందు. దేశంలోని మిగతా ప్రాంతాలకు వర్తించినట్టే ఆ రాజ్యాంగం హైదరాబాద్‌కూ వర్తిస్తుందని దాని సారాంశం. మైసూర్ మహారాజు, ఇతర రాజులు కూడా ఇలాంటి ప్రకటనలే ఇచ్చారు. కానీ మన ఫర్మానాకు ఒక తోక ఉంది. ఈ నిర్ణయం ఈ సంస్థానం ప్రజలు ధ్రువీకరించడానికి లోబడి ఉంటుందని, త్వరలో ఏర్పడబోయే హైదరాబాద్ రాజ్యాంగ సభ ద్వారా ప్రజల ఇష్టం తెలుస్తుందని, యూనియన్‌తో సంబంధమూ రాష్ట్ర రాజ్యాంగమూ చివరికి ఆ ఇష్టం ప్రకారమే ఉంటాయని రాశారు.

రాజు సంతకం కింద ప్రజల పేరు మీద ఒక షరతు. ఏడు తరాల అసఫ్‌జాహీ ఏలుబడిలో ఏ ఫర్మానాలోనూ ఇంత మాట వచ్చి ఉండదు. దాన్ని నిజాం మనసారా రాశారని అనుకోవడం అమాయకత్వం. అప్పటికి ఆయన చేతిలో సంతకం తప్ప ఏమీ మిగల్లేదు. ప్రజలను అడగందే ఈ నేలను కలుపుకోలేదని లోకానికి చెప్పుకోవడం ఢిల్లీకీ అవసరమే. ఎవరి అవసరం కోసం రాస్తేనేం, మాట మాటే. ఆ రాజ్యాంగ సభ మాత్రం ఏర్పడలేదు. ఆ ధ్రువీకరణ జరగలేదు.

సారు అరుగు మీద కూర్చుని నేనీ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు, ఆయన చరిత్ర గురించి ఏమీ అడగలేదు. “లిస్టు తయారైందా?” అన్నారు. ఎన్నికల డ్యూటీ చేసిన మనిషి కదా. తయారీ మొదలైంది సారూ, వయోజనులందరికీ ఓటు లెక్కన 1949లోనే మొదలుపెట్టారు అన్నాను. “మరింకేం. సగం పనైపోయినట్టే గదా” అన్నారు.

ఎందుకు ఏర్పడలేదు? మైసూర్, సౌరాష్ట్ర, తిరువాంకూర్–కొచ్చిన్ తమ తమ రాజ్యాంగ సభలు పెట్టుకున్నాయి. ఒక్కో సంస్థానం ఒక్కో రాజ్యాంగం రాసుకుంటే కుదరదని, బి.ఎన్. రావు సంఘం ఒక నమూనా కూడా తయారుచేసింది. 1949 మే 19న ఢిల్లీలో సంస్థానాల ప్రధానుల సమావేశం జరిగింది. ఇక విడివిడి రాజ్యాంగాలు వద్దు, అందరి ఏర్పాటూ భారత రాజ్యాంగంలోనే చేర్చాలని తేల్చారు. మిగతా సభలు మూట కట్టేశాయి. చివరిదాకా రాసుకున్నది ఒక్క జమ్మూ కశ్మీర్. 1951లో అక్కడ 75 మందితో రాజ్యాంగ సభ కూర్చుంది, రాసింది, 1957 జనవరి 26న అమల్లోకి తెచ్చింది. కూర్చున్న 75 మందీ ఒకే పార్టీవాళ్లు. 2019లో ఆ పుస్తకం అటకెక్కింది.

సరిగ్గా మన 1952 ఎన్నికల కాలంలోనే కరీబియన్ సముద్రంలో ప్యూర్టోరికో అనే అమెరికా పాలిత ద్వీపం తన రాజ్యాంగాన్ని రాసుకుంది. సభకు ప్రతినిధులను ఎన్నుకున్నారు, రాశారు, 1952 మార్చిలో జనం ఓటు వేసి ఒప్పుకున్నారు. తర్వాత వాషింగ్టన్ కాంగ్రెస్ దాన్ని చదివి 20వ సెక్షన్‌ను కొట్టేసింది. పని దొరికే హక్కు, కడుపు నిండే హక్కు ఉన్న సెక్షన్ అది. రాసుకునే చెయ్యి మనదైనా దిద్దే కలం ఇంకొకరి దగ్గర ఉంటే ఎలా ఉంటుందో ఆ ద్వీపం చూసింది.

మరి మన సభ కూర్చుంటే బాగుండేదా? ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను తొలుస్తోంది, నా జవాబు రెండుసార్లు మారింది. కుర్రతనంలో ఇది మోసం అనేవాణ్ని. తర్వాత 1949 నాటి హైదరాబాద్‌ను కాస్త దగ్గరగా చదివాను. మిలిటరీ గవర్నర్ పాలన. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం, పల్లెల్లో క్యాంపులు, జైళ్ల నిండా జనం. ముస్లిం మొహల్లాల్లో ఇంటి మనిషి ఏమయ్యాడో తెలియని ఇళ్లు. ఆ గాలిలో ఎన్నికైన సభ ఎవరి దస్తూరిలో రాసేది? చౌధురి దస్తూరిలోనా? సభ ఆగడం ఆ ఒక్క ఏడాదికి మంచిదే అయ్యుండొచ్చు. మర్చిపోవడం మంచిది కాలేదు. వాయిదా వేరు, రద్దు వేరు. ఇక్కడ వాయిదా వేసినట్టే వేసి రద్దు చేశారు, ఎవరూ సంతకం పెట్టకుండా.

1952 ఎన్నికలే ధ్రువీకరణ అని వాదించేవాళ్లున్నారు. తీసిపారేయదగ్గ వాదం కాదు. మొదటిసారి ఊరికీ గల్లీకీ ప్రతినిధి దొరికాడు. 175 స్థానాల శాసన సభలో కాంగ్రెస్‌కు 93 వచ్చాయి. నిషేధం వల్ల పీడీఎఫ్ పేరుతో నిలబడ్డ కమ్యూనిస్టులకు 42. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.  ఇక్కడికి కూతవేటు దూరంలోని శాలిబండ నుంచి మాసూమా బేగం గెలిచారు. నాలుగేళ్ల కిందట సైన్యం దిగిన ఊళ్లో, పాతబస్తీ గడ్డ మీద, ఒక ముస్లిం స్త్రీ. 1939 ముసాయిదాలో ఆమెకు గడే లేదు. అదే ఎన్నికలకు దేశమంతటా సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లను జాబితాల నుంచి తీసేశారు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్నారే తప్ప సొంత పేరు చెప్పలేదని. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే. అరుగు మీద సారు కలం కింద పెట్టి పది నిమిషాలు ఆగడం ఎందుకో ఆ అంకె చూశాక నాకర్థమైంది.

కానీ సర్కారును ఎన్నుకోవడం ఒక ప్రశ్న, కట్టుబాటును ఒప్పుకోవడం మరో ప్రశ్న. మొదటిదాన్ని అడిగి రెండోదానికి జవాబు వచ్చిందంటే ఎలా?

హైదరాబాద్ రాజ్యాంగ సభ కూర్చుని ఉంటే దాని ముందు ఏ ఫైళ్లు ఉండేవి? భాష, భూమి, కొలువు, నగరం. ఎవరు ఇక్కడివాళ్లు అన్న ప్రశ్న. సభ కూర్చోలేదు గనుక ఆ ఫైళ్లు మాయమైపోతాయా? కొత్త సర్కారు వచ్చి ఆర్నెల్లు తిరక్కుండానే, 1952 సెప్టెంబర్‌లో ములుకీ ఉద్యమమై రోడ్డెక్కాయి. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసన సభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రతో కలవొచ్చంది. చూశారా, మళ్లీ అదే తోక: తర్వాత, ప్రజల ప్రతినిధులు. ఈసారీ అది తెగింది. 1955 చివర్లో హైదరాబాద్ శాసన సభలో చర్చ జరిగింది. 147 మంది మాట్లాడారు. 103 మంది విశాలాంధ్ర అన్నారు, 29 మంది తెలంగాణ అన్నారు, 15 మంది ఎటూ తేల్చలేదు. ఓటింగు పెట్టలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో హైదరాబాద్ హౌస్‌లో ఎనిమిది మంది పెద్దమనుషులు కూర్చుని సంతకాలు చేశారు, అటు నలుగురు, ఇటు నలుగురు. కోట్ల మంది కట్టుబాటు ఎనిమిది దస్తూరీల్లో.

అక్కడి నుంచి మనది అంకెల రాజ్యాంగం. 1969లో ఎనిమిది సూత్రాలు, 1972లో అయిదు సూత్రాలు, 1973లో ఆరు సూత్రాలు, 1985లో 610 జీవో. పిల్లలు బడిలో ఎక్కాలు చెప్పినట్టు ఉద్యోగ సంఘాలవాళ్లు ఈ అంకెలు చెప్పేవారు. ఒక్కో అంకె వెనక రాజ్యాంగ సభలో కూర్చుని తేల్చుకోవాల్సిన ఒక్కో ఫైలు.

ములుకీ ఫర్మానాను గుర్తు పెట్టుకోమన్నాను. ఫర్మానాలిచ్చే రాజ్యం 1948లో పోయింది. ఆ తర్వాత నిజాంకు ఇచ్చిన రాజప్రముఖ్ పదవి 1956లో పోయింది. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది: 35వ అధికరణం కింద ఆ పాత ములుకీ నిబంధనలు ఇంకా చెల్లుతాయి. అంటే 1919లో ఒక రాజు ఇచ్చిన మాట 53 ఏళ్ల తర్వాత గణతంత్ర రాజ్యాంగం కడుపులో సజీవంగా ఉంది. ఆ తీర్పు మీద ఆంధ్ర ప్రాంతం అట్టుడికింది. ఆఖరికి ఆరు సూత్రాల పథకం వచ్చి ములుకీని సాగనంపింది. 32వ సవరణతో 371-డి అధికరణం 1974 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్థానికుడెవరు అన్న నిర్వచనం ఇప్పుడు రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఉంటుంది. బడిలో ఎన్నేళ్లు చదివావు, ఎక్కడ చదివావు. మన పిల్లల బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం సారు రాసిపెట్టిన దరఖాస్తులు ఒక బస్తాకు సరిపోతాయి. 1919 ఫర్మానాకు అవి మునిమనవలని ఆయనకు తెలుసు. చెప్పి నవ్వేవారు.

2014 గురించి ఎక్కువ చెప్పను, అందరం చూసిందే. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాన్ని విడదీసేది పార్లమెంటు. శాసన సభ అభిప్రాయం చెబుతుంది, అంతకు మించి దానికి హక్కు లేదు. ఉమ్మడి శాసన సభ జనవరి 30న బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. ఫిబ్రవరిలో లోక్‌సభ, రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ. నేను ఆ రోజు సంబరపడ్డవాణ్నే. కానీ ఏ అధికరణం మనకు రాష్ట్రాన్నిచ్చిందో అదే అధికరణంలో ఆ నేల మీది జనానికి ‘అభిప్రాయం’ కంటే ఎక్కువ లేదని కూడా ఆ రోజే అనుకున్నాను. ఈ సంగతి చెప్పి సారును కాస్త ఇరుకున పెడదామనుకున్నా. ఆయన చాయ్ చల్లారబెట్టుకుంటూ, “రాష్ట్రమొచ్చింది. ఇగ చాంద్రాయణగుట్ట లిస్టుల మన గల్లీవి ఎన్ని పేర్లు గల్లంతైనయో అది జూద్దాం పా” అన్నారు. ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగాం. కిరాయి ఇళ్లు మారినవాళ్లు, కోడళ్లై వచ్చినవాళ్లు, పద్దెనిమిది నిండి ఏడాదైనా ఎవరూ చెప్పనివాళ్లు. ఒక గల్లీలో నలభై మూడు పేర్లు దొరికాయి.

సారు పోయిన ఏడాదికి ఓటరు చీటీ ఆయన పేరుతో ఇంటికొచ్చింది. పేరు తీసేయించాలంటే ఫారం 7 నింపాలి. నేను నింపుతానన్నాను. కుదరలేదు, అదే నియోజకవర్గం ఓటరు అడగాలట, నేను పెళ్లయ్యాక నగరం అటువైపుకు మారిపోయినవాణ్ని. ఆయన పిల్లలు దేశంలోనే లేరు. అరుగు దగ్గర నలుగురం ఏం చేయాలా అని చూస్తుంటే రాజు వాళ్ల అమ్మ ఆ కాగితం తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని, కారణం అన్న చోట ‘మరణం’ అని కూడబలుక్కుంటూ రాసింది. కింద సంతకం గడిలో తన పేరు రాసింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.